కథలో ఏమీ తెలీనోడిని చూసి పాఠకుడు నవ్వాలంటే ఎట్టా రాయాలి? రొయ్యల కౌంట్ జోకు దగ్గర ఇరుక్కుపోయా

కావలి_కాలవ:
అందరికీ నమస్కారం. నేను రాసేది తక్కువ చదివేది ఎక్కువ, ఈసారి ఒక కథల పోటీకి పంపిద్దామని కూర్చున్నా, సగం దాకా బాగానే నడిచింది, ఒక సీను దగ్గర ఆగిపోయింది. కథ మా నెల్లూరు వైపుదే, విడవలూరు దగ్గర రొయ్యల గుంటలున్న ఊరు. మామ ముందు టైగర్ రొయ్య వేసి, ఆ తర్వాత వనామీ రకం వేసి, లాభం నష్టం రెండూ చూసిన మనిషి. అల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్, వర్క్ ఫ్రం హోమ్ అని వచ్చి అత్తగారింట్లో దిగబడ్డాడు, యూట్యూబులో నాలుగు వీడియోలు చూసి "మామయ్యా ఒక గుంట నాకొదిలెయ్యండి, డేటాతో ఎట్టా చెయ్యాలో చూపిస్తా" అన్నాడు. మామ కాదనలేక ఇచ్చాడు. పట్టుబడి (గుంటలో రొయ్యలు పట్టి అమ్మేది) ముందు రోజు భోజనాల దగ్గర చుట్టాలందరి ముందు అల్లుడు అంటాడు, "మామయ్యా, మీ గుంట ముప్పై కౌంటే గదండీ, నాది వంద! తిప్పికొడితే రెండు నెలల్లో వంద!"

మా వైపు వాళ్లకి ఇక్కడ అన్నం పొలమారాల. తెలీనోళ్లకి చెప్తుండా, కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనేది. 30 కౌంట్ అంటే ఒక్కోటి 33 గ్రాముల పైమాటే, 100 కౌంట్ అంటే 10 గ్రాముల రొయ్య. రేటు 30కే ఎక్కువ. అంటే వాడు తన రొయ్య మామ రొయ్యలో మూడో వంతు కూడా లేదని అందరి ముందు మైకు పట్టుకుని చెప్పినట్టు.

ఇది కరీంనగర్ ఫ్రెండుకి చదివి వినిపిస్తే "బాగా పండించాడన్నమాట, గుడ్, తర్వాతేమైంది" అన్నాడు. నా పని అయిపోయింది. కింద ఒక లైను వివరణ పెడితే జోకు చచ్చిపోతుండాది, పెట్టకపోతే మన నాలుగు మండలాలు దాటి ఎవరికీ అర్థం కాదు. ఇంకోటి, ఇంట్లో మా ఆవిడ చదివి "పాపం ఆ అబ్బాయిని అంత వెర్రోడిని చెయ్యాల్నా" అంటుండాది. పాత రచయితలు ఇట్టాంటివి ఎట్టా చేసేవాళ్లు? పాత్రకి తెలీదన్న సంగతి మనకి నవ్వుతో తెలియాల, రచయిత వచ్చి వీడికి తెలీదు అని చెప్పకూడదు. చదివినోళ్లు కాస్త చెప్పండి.


పెన్న_ఒడ్డు:
నెల్లూరు వాడివై ఉండి ఈ ప్రశ్న అడగడానికి ఎక్కడికో పోవాలా అబ్బయ్యా, మన తిక్కన గారు ఏడొందల ఏళ్లకి ముందే ఇక్కడే కూర్చుని చేసి పెట్టాడు గదా. నన్నయ ఆరణ్యపర్వం మధ్యలో ఆపాడు, ఈయన విరాటపర్వం నుంచి పట్టుకుని 15 పర్వాలు రాశాడు, ఆ మొదలుపెట్టిన విరాటపర్వంలోనే నీకు కావాల్సిన మనిషి ఉండాడు, విరాటరాజు కొడుకు ఉత్తరకుమారుడు.

సీను గుర్తు చేసుకో. రాజు దక్షిణం వైపు సుశర్మ మీదకి పోయాడు, ఊళ్లో పెద్దోళ్లెవరూ లేరు, ఉత్తరం వైపు కౌరవులొచ్చి ఆవుల్ని తోలుకుపోతుండారు, ఆవుల కాపరి పరిగెత్తుకొచ్చి చెప్పాడు. అప్పుడు మన కుర్రోడు ఎక్కడుండాడు? అంతఃపురంలో ఆడవాళ్ల మధ్య. మంచి సారథి ఒక్కడు దొరికితే చాలు భీష్ముడేంది ద్రోణుడేంది కర్ణుడేంది అందర్నీ ఓడించేస్తా అంటాడు, నన్ను చూసి అర్జునుడేమో అనుకుంటారు అని కూడా అంటాడు. ఆ మాట అనేటప్పుడు అసలు అర్జునుడు అదే ఇంట్లో బృహన్నల పేరుతో డాన్సు మాస్టరుగా ఉండాడు, ద్రౌపది పక్కనే నిలబడి వింటుండాది! చదివేవాడికి ఈ సంగతి ముందే తెలుసు. కవి అక్కడ ఒక్క వెటకారం మాట కూడా కలపక్కర్లా, వాడి మాటలు వాడిని మాట్లాడనిచ్చి పక్కన ఎవరున్నారో మనకి గుర్తుంటే చాలు.

నీ సీనులో తప్పిపోయింది అదే. నీ కరీంనగర్ ఫ్రెండుకి ఆ భోజనాల బల్ల దగ్గర అర్జునుడు ఎవరో తెలీదు. కౌంట్ సంగతి జోకు తర్వాత చెప్తే వివరణ, జోకుకి ఒక పేజీ ముందు వేరే ఎవరి నోటో వేరే పని మీద చెప్పిస్తే కథ. పాఠకుడికి ఆ ముక్క తెలిసిందని వాడికే తెలియకూడదు, అల్లుడు నోరు తెరిచేసరికి వాడంతట వాడికి వెలగాల.

ఇంకో విశేషం చూడు. బృహన్నలని సారథిగా రమ్మని కవచం ఇస్తే అర్జునుడు ఎట్టా తొడుక్కోవాలో తెలీనట్టు తిరగేసి పట్టుకుంటాడు, అమ్మాయిలు పగలబడి నవ్వుతారు. అన్నీ తెలిసినోడు తెలీనట్టు చేస్తుంటే నవ్వుతుండారు, ఏమీ తెలీనోడు తెలిసినట్టు చెప్తుంటే నమ్ముతుండారు. రెండూ ఒకే సీనులో పక్కపక్కన. ఇంతకంటే ఎవడు రాస్తాడయ్యా హాస్యం.


కావలి_కాలవ:
ముందే చెప్పించాలన్నది పట్టుకున్నా, థ్యాంక్స్ అన్నా. కానీ ఒక డౌటు, ఉత్తరకుమారుడిది తెలీనితనం ఏంది, అది పిరికితనం గదా? సైన్యాన్ని చూడగానే రథం దిగి పారిపోయాడు. నర్తనశాలలో రేలంగిని చూసినా మనం నవ్వేది ఆ భయానికే. నా అల్లుడు పిరికోడు కాదు, ధైర్యం ఎక్కువై చచ్చిపోతుండాడు.


పెన్న_ఒడ్డు:
భయం తర్వాత వచ్చింది. ముందున్నది తెలీకపోవడమే. యుద్ధం అంటే ఏందో చూసినోడైతే అంతఃపురంలో ఆ మాటలు అనడు, తెలిసిన పిరికోడు తలనొప్పి అని పడుకుంటాడు. ఇతను నిజంగానే గెలుస్తానని నమ్మి బయల్దేరాడు, అందుకే ఆ ప్రగల్భాలకి నవ్వొస్తుంది. పోయేటప్పుడు చెల్లెలు ఉత్తర బొమ్మలకి బట్టలు కావాలంటుంది, కౌరవుల మేలిబట్టలు పట్టుకురమ్మని. ఇంటి వాతావరణమే అట్టాంటిది, యుద్ధం అంటే సంతకి పోయొచ్చినట్టు అనుకుంటుండారు అందరూ. సైన్యం కంటికి కనపడ్డాకనే తెలీనితనం కాస్తా భయం అయింది. నీ అల్లుడికి ఆ సైన్యం ఇంకా కనపళ్లేదు, అంతే తేడా.


టీచరమ్మ_ఒంగోలు:
మంచి చర్చ. నేను తెలుగు చెప్తాను హైస్కూల్లో, కాబట్టి గురజాడని వదిలిపెట్టి పోలేను, క్షమించాలి. కన్యాశుల్కం (మొదటి ముద్రణ 1897, మనం ఎక్కువగా చదివేది 1909 నాటి రెండో కూర్పు) లో గిరీశం, వెంకటేశం అగ్రహారం వచ్చాక తల్లి వెంకమ్మ గారు ముచ్చటపడి మీరిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడండి నాయనా వింటాను అంటుంది కదా. గిరీశం ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్ అందుకుంటాడు. వెంకటేశం రీడరులోంచి ఒక వాక్యం. మళ్లీ ఆయన ఒక పద్యం లైను, ఈయన రేఖాగణితంలోంచి ఒక ముక్క, చివరికి వ్యాకరణ సూత్రం కూడా వచ్చేస్తుంది. తల్లికి ఒళ్లు పులకరిస్తుంది.

ఇక్కడ ఎవరికి తెలీదో జాగ్రత్తగా లెక్కేయండి. తల్లికి ఇంగ్లీషు రాదు, అది ఆమె తప్పు కాదు, ఆమెని చూసి ఎవరం నవ్వం. వెంకటేశానికి వచ్చింది ఆ నాలుగు బట్టీ ముక్కలే. గిరీశానికి అంతా తెలుసు, వీళ్లకి తెలీదని కూడా తెలుసు, దాని మీదే ఆయన బతుకు. మనం నవ్వేది పట్నంలో ఇంగ్లీషు చదువు పేరుతో ఇంటి నుంచి డబ్బు పోతుంటే ఆ డబ్బుకి వచ్చింది ఇదా అని. అంటే రచయిత తెలీని మనిషి దగ్గర నవ్వుని ఆపెయ్యకుండా ఆ తెలీనితనం మీద బేరం చేసే వాడి దాకా లాక్కెళ్లాడు. కావలి గారి ఆవిడ అన్నది నాకు ఇక్కడే సరిగ్గా అనిపించింది. ఒట్టి తెలీకపోవడంలో నవ్వేముంది, అది పాపం. తెలీకపోవడానికి గొప్పలు జోడైతే నవ్వు. మీ అల్లుడు గొప్పలు పోతున్నాడు కాబట్టి ఫర్వాలేదు, కానీ అతన్ని మరీ అమాయకుడిగా తీర్చారేమో చూసుకోండి.

క్లాసులో ఈ సీను చదివినప్పుడు ఒకటి గమనించాను. ట్వింకిల్ ట్వింకిల్ అనగానే వెనక బెంచీ దాకా నవ్వేస్తారు, ఒకటో తరగతిలో వాళ్లూ పాడిందే కాబట్టి. మిగతా వాక్యాలకి సగం మంది నవ్వరు, అర్థం కావు. కానీ మొదటిది దొరికింది కాబట్టి మిగతావి కూడా ఇలాంటివేనని వాళ్లకి తెలిసిపోతుంది. మీ సీనులో కూడా అందరికీ దొరికే ఒక ముక్క ముందు పెట్టండి, కౌంట్ అనేది తర్వాత వచ్చినా నడుస్తుంది.


సింగరాయకొండ_సీను:
పుస్తకాల సంగతి నాకు తెలవదు, నేను రొయ్యలు కొనే పార్టీ తరఫున గట్ల మీద తిరిగేటోణ్ణి. ముందు ఒక మాట, భోజనాల దగ్గర అల్లుడు చెప్పేదాకా వంద కౌంట్ అని మామకి తెలవకపోవడం కుదరదు బాసూ. గుంట గట్టు మీద ఏది జరిగినా ఊరంతటికీ తెలుస్తది. కాబట్టి మామకి ముందే తెలుసు, బల్ల దగ్గర కూర్చున్న అందరికీ తెలుసు, ఇంటల్లుడు కాబట్టి ఎవరూ నోరెత్తట్లేదు అని రాయి. నవ్వంతా ఆ గమ్మునుండటంలో ఉంది. ఎవరో ఒక పెద్దాయన "వందే! మంచిది బాబూ, మంచిది, ఇంకొంచెం పప్పు వేసుకో" అనాల.

రెండోది, కౌంట్ ఎట్టా తెలుస్తదో మీ కథలో లేదు. మేము గట్టు మీదకి పోయి వల విసిరిస్తాం, వచ్చినయ్యి బుట్టలో పోసి నీళ్లు కార్చి కిలో తూచి ఒక్కోటీ లెక్కపెడతాం, ఎన్నొస్తే అదే కౌంట్. ఈ లెక్కపెట్టేది మామ గుంట దగ్గర ముందు పెట్టు. మామ మనవరాలు, ఐదారేళ్ల పిల్ల అనుకో, మాతో పాటు లెక్కపెడతా ఉంటది, ఇరవై ఎనిమిది ఇరవై తొమ్మిది ముప్పై, అయిపోయినయ్యి. "ముప్పయ్యేనా తాతా?" అని పిల్ల మొహం చిన్నది చేసుకుంటే తాత నవ్వి "తక్కువొస్తేనే ఎక్కువ డబ్బులమ్మా, ఒక్కోటి ఎంత లావుందో చూడు" అంటాడు. అయిపోయింది, కరీంనగర్ ఆయనకి కూడా కౌంట్ వచ్చేసింది. టీచరమ్మ గారు చెప్పిన ట్వింకిల్ ఇదే అనుకుంటా.

మూడోది, ఇది నాకు బాగా అనిపించింది. అల్లుడు ఎందుకట్టా అనుకున్నాడో చెప్పు. వాడు పుట్టిన కాడి నుంచి వాడి లోకంలో అంకె పెద్దదైతే మంచిదే. మార్కులు ఎక్కువొస్తే మంచిది, జీతం ఎక్కువైతే మంచిది, సబ్‌స్క్రైబర్లు ఎక్కువైతే మంచిది. కాబట్టి వంద అనగానే వాడికి నూటికి నూరు అనిపించింది. వాడి లెక్క వాడికి కరెక్టే. ఊరికే బుర్రలేనోడు అని రాస్తే మేము నవ్వం, మాకు రోజూ కనపడే వాళ్లే, ఏసీ కార్లో వచ్చి ఏరియేటర్ (గుంట నీళ్లలోకి గాలి ఎక్కించే మిషను) చూసి "ఈ ఫ్యాను నీళ్లు చల్లబడటానికా" అని అడిగినోళ్లు ఉన్నారు. నాకైతే ఆ ప్రశ్న కూడా తప్పనిపించలా, వాళ్లు చూసిన ఫ్యాన్లు అందుకే తిరుగుతాయి, తెల్లారుజామున గుంటలో ఆక్సిజన్ పడిపోద్దని వాళ్లకెట్టా తెలుస్తది.


పొదిలి_ఎండ:
నాదొక కంప్లయింటు. ఇట్లాంటి కథల్లో తెలివి తక్కువోడికి మన యాస పెడతారు, తెలివైనోడికి పేపరు భాష పెడతారు. సినిమాల్లో చూశాం, కథల్లో చూశాం, మనూరి మాట వినపడితే చాలు హాల్లో నవ్వు మొదలు. మనిషికి ఏమి తెలుసో తెలీదో రచయిత చెప్పక ముందే యాస చెప్పేస్తది, అది దొంగ నవ్వు. మీ కథలో అదృష్టవశాత్తూ తెలీనోడు హైదరాబాదు నుంచి దిగాడు, కాబట్టి వాడి చేత శుభ్రంగా ఇంగ్లీషు కలిపిన మాటలు మాట్లాడించండి, తెలిసినోళ్లంతా యాసలో. అప్పుడు చూద్దాం ఎవరు నవ్వుతారో.

ఇంకో దారి కూడా ఉంది. బారిస్టర్ పార్వతీశంలో మొక్కపాటి వారు కథ మొత్తం పార్వతీశం నోటితోనే చెప్పించారు. మొగల్తూరు కుర్రోడు, ఇంగ్లాండు పోతా ఉన్నాడు, తనకి తెలీదన్న సంగతి తనకే తెలీదు, కొనుక్కున్న టోపీ ఆడవాళ్లదని కూడా తెలీకుండా దర్జాగా పెట్టుకుని తిరుగుతాడు. అదే పక్కనోడు చెప్పినట్టైతే గేలి చేసినట్టుండేది. వాడే చెప్పుకుంటన్నాడు కాబట్టి మనం వాడితో పాటు వెళ్తాం, నవ్వుకుంటానే వాడి మీద ప్రేమ పుడతది. అల్లుడి చేత కథ చెప్పించండి. "ఆ రోజు నా అంకె వినగానే అందరూ మౌనంగా ఉండిపోయారు, వాళ్ల కళ్లల్లో గౌరవం కనిపించింది" అని వాడే రాస్తే ఎట్లా ఉంటది!


టీచరమ్మ_ఒంగోలు:
పొదిలి గారూ ఆ వాక్యం చాలా బాగుంది, కానీ ఒక ఇబ్బంది. అల్లుడు చెప్పేటట్టైతే సీను గారు చెప్పిన మనవరాలి లెక్క ఎట్లా పెడతారు? ఆ లెక్క అల్లుడు విన్నాడంటే అతనికి తెలిసిపోవాలి. పార్వతీశం విషయంలో టోపీ సంగతి పాఠకుడికి బయటి నుంచే తెలుసు, ఇక్కడ కౌంట్ తెలీదు. పాఠకుడికి తెలిసిన లోకమైతే పాత్ర చేత చెప్పించొచ్చు, తెలీని లోకమైతే పక్కన నిలబడి చెప్పేవాడు ఒకరు కావాలి అనిపిస్తోంది నాకు.


పొదిలి_ఎండ:
పిల్ల లెక్కపెడుతున్నప్పుడు వాడు అక్కడే ఉండి ఫోన్లో మీటింగులో ఉన్నాడు అనండి. చెవిలో ఇయర్‌ఫోన్లు. పిల్ల "ముప్పై" అన్నది ఒక్కటే విన్నాడు, తాత అన్నది వినలా. అయిపాయె.


కావలి_కాలవ:
అబ్బా ఇయర్‌ఫోన్లు! ఇది మాత్రం నేను తీసుకుంటుండా, పొదిలి అన్నా పేరు కథలో ఎవరికో పెడతా. అయితే అల్లుడి చేత చెప్పించడం నా చేత కాదు, నాకు మామ అంటేనే ఇష్టం, ఆయన పక్కనుంచే చెప్తా. రాత్రి కూర్చుని ఆ సీను మళ్లీ రాశా, కాపలా ఉండే వెంకయ్య అనే మనిషిని తెచ్చా, పెన్న అన్న చెప్పిన బృహన్నల కవచం నుంచి వచ్చాడు ఈయన, తెలిసీ తెలీనట్టు ఉంటాడు. చూడండి:

అల్లుడు చెయ్యి కడుక్కుంటా గట్టు వైపు చూశాడు. "వెంకయ్యా, మా మామయ్య గారిది ముప్పై, మనది వంద. ఏమంటావ్?"
"నేనేమంటానయ్యా, ఇన్నేళ్లలో ఈ గుంటలో పట్టుబడికి వంద ఎప్పుడూ రాలా."
"చూశావా! అదే డేటా అంటే."
"అవునయ్యా. ఈసారి రెండొందలకి ప్లాను చేద్దామా?"
అల్లుడు ఆలోచించాడు. "తొందరపడొద్దు. ముందు నూట యాభై చూద్దాం. మేత ఎంతైనా పర్లేదు."
మామ మజ్జిగ గ్లాసు దించలా. గ్లాసు వెనక ఆయన మొహం ఎవరికీ కనపళ్లా.

కరీంనగర్ ఫ్రెండుకి మనవరాలి సీనుతో కలిపి పంపించా. "నూట యాభై" దగ్గర ఫోన్ చేసి మరీ నవ్వాడు.


సింగరాయకొండ_సీను:
"ఈ గుంటలో పట్టుబడికి వంద ఎప్పుడూ రాలా" అదిరింది, అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. మేత ఎంతైనా పర్లేదు అన్నాడు చూడు, అక్కడ మాత్రం మామ గుండె కలుక్కుమని ఉంటది, గుంట మీద పెట్టే ఖర్చులో పెద్ద వాటా మేతకే పోద్ది.


టీచరమ్మ_ఒంగోలు:
చాలా బాగా వచ్చింది. ఒక్క చిన్న సంగతి, చివరి రెండు వాక్యాల్లో రెండోది తీసెయ్యండి. గ్లాసు దించలేదు అంటే చాలు, మొహం కనపడలేదని మళ్లీ చెప్తే మీరు నవ్వమని సైగ చేసినట్టుంది. అలాగే వెంకయ్య ఎందుకిట్లా మాట్లాడాడో ఎక్కడా రాయొద్దు. కొంతమంది వెంకయ్యకి కూడా తెలీదనుకుంటారు, అనుకోనివ్వండి.


కావలి_కాలవ:
తీసేశా. ఇంక ఒకటే మిగిలుండాది, చివర్లో అల్లుడికి తెలియాల్నా వద్దా? తెలిస్తే అందరి ముందు తలవంపులు, మా ఆవిడ ఊరుకోదు. తెలీకపోతే కథ ఎట్టా ముగించాల?


పెన్న_ఒడ్డు:
రెండు రకాలూ ఉండాయి. గిరీశం చివరి దాకా మారడు, డామిట్ కథ అడ్డం తిరిగింది అని వెళ్లిపోతాడు. ఉత్తరుడిని మాత్రం అర్జునుడు పారిపోతుంటే వెంటపడి పట్టుకొచ్చి, నువ్వు యుద్ధం చెయ్యొద్దులే, పగ్గాలు పట్టుకో నేను చేస్తా అన్నాడు. అదే రథం మీద పనిచ్చి కూర్చోబెట్టాడు. తర్వాత ఇంటికొచ్చి నేను గెలవలా, వేరే మహానుభావుడు గెలిచాడు అని తండ్రికి చెప్పింది ఆ పిల్లాడే. ఈలోగా ఆ తండ్రి ఏం చేశాడో తెలుసు గదా, నా కొడుకు కౌరవుల్ని ఓడించాడని పొంగిపోతుంటే కంకుభట్టు బృహన్నల ఉండగా గెలవకేం అన్నందుకు పాచికతో మొహాన కొట్టాడు, ఎదురుగా ఉన్నది ధర్మరాజు అని తెలీక. కొడుకు తెలీనితనానికి నవ్వాం, తండ్రి తెలీనితనం దగ్గర రక్తం కారింది. కొడుకు చేతిలో అధికారం లేదు, తండ్రి చేతిలో ఉండాది.

నీ అల్లుడి చేతిలో ఒక గుంటే కాబట్టి నవ్వు చాలు. పట్టుబడి రోజు తూకం అయ్యాక మన సింగరాయకొండ సీను లాంటి కొనేవాడొకడు రేటు కాగితం రాసి ఇస్తాడు, వంద పక్కన ఎంత, ముప్పై పక్కన ఎంత. అల్లుడు చదువుతాడు. ఎవరూ ఏమీ అనరు. మామ వచ్చి "రేపు తెల్లారుజామున నాలుగింటికి లేస్తావా, చెక్ ట్రేలు చూద్దాం" అంటాడు, అంటే రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లేలు. ఆయన చేతికింద పెట్టుకున్నాడన్నమాట, అంతే రాయి.


పొదిలి_ఎండ:
నాలుగింటికి వాడికి అమెరికా కాల్ ఉంటది గదన్నా, అది కూడా చూసుకోండి. ఇంతకీ పోటీకి పదాల లిమిట్ ఎంత?